నడుమ అడ్డంలేని దుర్బీను

కంటి పరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కామారెడ్డిలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. చదివితే చదువుతారు, లేకపోతే లేదు. నాకేమీ కోపం లేదు. కొంచెం ఉంది.

నేను డాక్టరును కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లకముందు మీ చూపు కొలిచి, అద్దాల నంబరు తేల్చే మనిషిని. మాది తాడ్వాయి. ఉద్యోగం ఎల్లారెడ్డిలో మొదలై కామారెడ్డిలో ముగిసింది. నడుమ వచ్చిన బదిలీలు, ప్రమోషన్లు, వాటికోసం తిరిగిన ఆఫీసులు మీకూ రాబోతున్నవే కనుక వాటి జోలికి పోను. పనిలో నాకు అక్కరకొచ్చిన ఒకటి రెండు సంగతులు, రిటైరయ్యాక మేం తయారుచేసిన ఒక వంకర టెలిస్కోపు, దాని అద్దాలు అరగదీసిన విఠలన్న సంగతి రాస్తాను.

చేటతో సహా పరీక్ష

ఎల్లారెడ్డిలో నా మొదటి పై అధికారి ఒక డాక్టరమ్మ. మాట కటువు. ఆమె దగ్గర ఏడ్చి ఏడ్చి పని నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. నేను చెప్పను. ఏడవకుండా కూడా పని నేర్చుకోవచ్చు, ఆ అవకాశం ఆమె మాకు ఇవ్వలేదంతే. కానీ ఆమెకు ఒక మంచి అలవాటు ఉండేది. మేమంతా రోగి లోపలికి రాగానే "ఏం కనబడతలేదు?" అని అడిగితే, ఆమె "ఏం పని చేస్తావు?" అని అడిగేది.

ఒకరోజు సాయవ్వ అని బీడీలు చుట్టే ఆవిడ వచ్చింది. దగ్గరి చూపు మందగించింది. కుర్చీలో కూర్చోబెట్టి, గుర్తులున్న కార్డు చేతికిచ్చి, పుస్తకం పట్టుకున్నంత దూరంలో పట్టుకోమన్నాను. ఆమె కార్డు వంక చూసింది, నా వంక చూసింది.

"బిడ్డా, నేను గీ కుర్సీల కూసొని బీడీలు జేస్తనా? నా చేట నా ఒళ్లె ఉంటది" అంది.

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే వెనకనుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. "ఆమె చెప్పేది విను. కింద కూర్చోబెట్టు. నువ్వూ కూర్చో."

ఇద్దరం బండల మీద కూర్చున్నాం. చేట లేదు కనుక మందుల ట్రే తెచ్చి సాయవ్వ ఒళ్లో పెట్టాం. ఆమె తల వంచి, వేళ్లు ఆడిస్తూ ఆకు చుడుతున్నట్టే చేసింది. అలా కూర్చుంటే కంటికీ చేతికీ ఉండే దూరం వేరు. నంబరు కూడా వేరే వచ్చింది. సాయవ్వ అద్దాలు పెట్టుకుని ట్రేలోకి చూసి, "గీ పళ్లెం తుడువక ఎన్నొద్దులాయె?" అంది. డాక్టరమ్మ నవ్వడం ఆరోజే మొదటిసారి చూశాను.

మనిషి ఎక్కడ కూర్చుని ఏం చూస్తాడో తెలుసుకోకుండా నంబరు రాయకండి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నా రాత సగం చదివినట్టే.

మంచిగున్నది

ఇప్పుడు మీకు యంత్రాలున్నాయి. గడ్డం ఆనించి బటన్ నొక్కితే నంబరు అచ్చయి బయటికొస్తుంది. మంచిదే. మా చేతిలో మాత్రం రెటినోస్కోపు అనే చిన్న లైటు ఉండేది. చీకటి గదిలో దాని వెలుగు గీతను రోగి కంటిపాప మీద అటూ ఇటూ జరుపుతాం. పాపలో ఎర్రటి మెరుపు, దాని అంచున ఒక నీడ కనబడతాయి. నీడ మన వెలుగుతోపాటు జరిగితే ఒక అర్థం, ఎదురు జరిగితే ఇంకో అర్థం. ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మార్చుకుంటూ పోవాలి. చంటిపిల్లలైనా, మాట రానివాళ్లైనా, అబద్ధం చెప్పేవాళ్లైనా నీడ నిజం చెప్పేస్తుంది.

అబద్ధమంటే చెడ్డ అబద్ధం కాదు. మన పెద్దవాళ్లకు ఒక మర్యాద ఉంది. ఇంతసేపు ఓపిగ్గా అద్దాలు మార్చిన మనిషిని నొప్పించకూడదని, కనబడకపోయినా "మంచిగున్నది బిడ్డా" అంటారు. ఆ మాటను నమ్మకండి. నిజంగా కనబడినవాళ్లు మంచిగున్నదని అనరు. "గోడ మీద బల్లి ఉన్నది" అంటారు. "నీ కొంగుకు సిరా అంటింది" అంటారు. ట్రే తుడవలేదని తిడతారు. అప్పుడు నంబరు రాయండి.

విఠలన్న

విఠలన్నది పెద్దకొడప్‌గల్. కామారెడ్డి బజారులో కళ్లద్దాలు అరగదీసేవాడు. మేం రాసిన నంబరు ప్రకారం గాజు బిళ్లను ఇనుప గిన్నె మీద పెట్టి, గరుకు పొడి నీళ్లతో కలిపి రాస్తూ రాస్తూ వంపు తెచ్చేవాడు. చిరాకు మనిషి. కోపమొస్తే మరాఠీలో తిట్టేవాడు, మాకు అర్థం కాదని ఆయన నమ్మకం. నన్ను చెల్లె అనేవాడు, మా ఆయనను బావా అనేవాడు, ఇద్దరినీ సమానంగా తిట్టేవాడు.

తయారైన అద్దాలు డబ్బాల్లో రావడం మొదలయ్యాక ఆ పని పోయింది. దుకాణం కొడుకు చేతికొచ్చింది, ఇప్పుడు అందులో ఫ్రేములు అమ్ముతున్నారు. దానికి విఠలన్న అంతగా బాధపడలేదు. తర్వాత వచ్చింది అసలు బాధ.

నేను రిటైరవబోయే ఏడాది కోడలు ఆయనను ఆసుపత్రికి తీసుకొచ్చింది. రెండు కళ్లలోనూ వెనకపొర సరిగ్గా నడిమి చోటున పాడైంది. చుట్టూ చూపు బాగానే ఉంది. దేన్ని చూడాలనుకుంటే అదే మాయమవుతుంది.

"నీ మొకం ఉన్నకాడ బొగ్గు పూసినట్టున్నది చెల్లె" అన్నాడు. "చెవులు కనబడ్తున్నయి, కమ్మలు కనబడ్తున్నయి. నడిమిట్ల మనిషి లేదు."

హైదరాబాదులో కూడా చూపించారు. ఇక చేసేదేమీ లేదన్నారు. మందులకూ ఆపరేషన్‌కూ లొంగని దశ కనుక ఆ మాట నిజమే. కానీ మన ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆ మాట దగ్గర ఆగకూడదు. నడిమి చూపు పోయినవాళ్లకు పక్కచూపుతో చూడడం నేర్పవచ్చు. చూడాలనుకున్నదాని మీద కాకుండా కాస్త పక్కన చూపు నిలిపితే, ఆ వస్తువు పాడవని చోట పడుతుంది. అలవాటు కావడానికి చాలా ఓపిక కావాలి. ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి ఆయనకు రోజూ అదే చెప్పేదాన్ని. "నడుమ చూడకు అన్నా. పక్కకు చూడు. ఆగు. అదే వస్తది."

వచ్చేది కూడా. కానీ ఆయన బయట అలా చూడడానికి ఒప్పుకోలేదు. "మనిషితోని మాట్లాడుకుంట పక్కకు జూస్తే దొంగసూపు అంటరు. ఆడోళ్లు ఎదురొస్తే ఏమనుకుంటరు? నాకు గా పరువు తక్కువ పని వద్దు" అన్నాడు. ఎదురుగా చూస్తే మనిషి కనబడడు. చేయెత్తి పలకరించినవాళ్లకు జవాబు చెప్పడు. విఠల్‌కు పొగరెక్కిందని బజారులో అనడం మొదలుపెట్టారు. దాంతో ఆయన గడప దాటడం మానేశాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని కోడలు చెప్పింది. నాకు అది తట్టుకోలేనంత బాధ కలిగించింది. ఇలాంటివాటికి ఏడ్చే మనిషిని కాను, కానీ ఆరోజు ఆటోలో ఏడ్చాను.

వంకర డబ్బా

మా ఆయన సామ్యేలు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి నాకన్నా ముందే రిటైరయ్యాడు. ఇంట్లో పని లేక నా వంటింటి డబ్బాలన్నీ సైజు ప్రకారం సర్దేవాడు. ఉప్పు ఎక్కడుందో నాకు దొరికేది కాదు. ఈయనను వంటింట్లోంచి బయటికి పంపాలని, ఇన్నాళ్లూ కంటి లోపలికి చూసినదాన్ని ఇక దూరంగా ఏదైనా చూడాలని, టెలిస్కోపు ఒకటి సొంతంగా చేద్దామన్నాను. దానికి గుంట అద్దం కావాలి. గాజు అరగదీసే చేతులు ఎవరివో మాకు తెలుసు.

విఠలన్న మంచం మీంచి లేవకుండానే విన్నాడు. "దుర్బీనా? నాకు కనబడనిదానికి నా చేతులెందుకు?" అన్నాడు. కాసేపటికి, "ఎట్లుంటది?" అని అడిగాడు.

గొట్టం అడుగున గుంట అద్దం ఉంటుందని, అది పోగుచేసిన వెలుగును పక్కకు తిప్పడానికి గొట్టం మధ్యలో ఇంకో చిన్న అద్దం ఉంటుందని మా ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు.

విఠలన్న లేచి కూర్చున్నాడు. "నడిమిట్లనా? గంత కష్టపడి అద్దం గీసి, నడిమిట్ల అడ్డం పెట్టుకొని సూస్తరా? నా కండ్ల లెక్కనా? నేను జెయ్య. పోండ్రి."

మా ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో వెతికాను. నడుమ అడ్డం లేని రకం ఒకటి దొరికింది. అందులో పెద్ద అద్దాన్ని కాస్త వంచి బిగిస్తారు. వెలుగు వచ్చిన దారిన పోకుండా పక్కకు పోతుంది. అక్కడ రెండో అద్దం, అదీ వంచే ఉంటుంది. దాని మీంచి వెలుగు మన కంటికి చేరుతుంది. ఆకాశానికీ పెద్ద అద్దానికీ మధ్య ఏమీ ఉండదు. చిక్కల్లా ఒకటే. అద్దం వంచితే చుక్క ఒకవైపుకు సాగి గీతలా కనబడుతుంది. రెండో అద్దం సరిగ్గా వంచి ఆ సాగుడును సరిచేయాలి. చదవగానే నాకు నవ్వొచ్చింది. కంటిలో ఇదే సాగుడు ఉంటే మనం సిలిండర్ పవర్ రాస్తాం. పుట్టెడు సిలిండర్లు రాసిన చేయి నాది, నాకూ దండిగా సిలిండర్ ఉంది.

మళ్లీ వెళ్లి చెప్పాను. విఠలన్న రెండు అరచేతులూ అద్దాల్లా ఎదురెదురుగా వంచి పట్టుకున్నాడు.

"జేస్త. గని ఒక మాట. అండ్ల నాకు ఏదన్న కనబడాలె. కనబడకపోతే నా చేతులతోనే పలగ్గొడ్త. ఊకె మీ మొగుడుపెండ్లాలు సూసి మురుసుడు కాదు."

సరేనన్నాను. అన్నాక భయమేసింది. కనబడకపోతే ఆయన అద్దం ఒక్కటే పగలగొట్టి ఊరుకోడని, మళ్లీ గోడవైపు తిరిగితే ఇక ఇటు తిరగడని నాకు తెలుసు.

బల్లల మీద వేసే మందపాటి గాజులోంచి రెండు గుండ్రటి బిళ్లలు కోయించాం. కింద ఒకటి, పైన ఒకటి, నడుమ గరుకు పొడి, నీళ్లు. విఠలన్న ఇంటి వెనక స్టూలు చుట్టూ తిరుగుతూ రాయడం మొదలుపెట్టాడు. ఆ పనికి కళ్లతో పెద్దగా అవసరం లేదు. పొడి అరిగితే చప్పుడు మారేది, ఆ చప్పుడు విని కొత్త పొడి వేసేవాడు. ఇలా రాస్తే పై గాజు గుంటపడుతుంది, కింది గాజు అంతే ఉబ్బుతుంది. ఈ రకం దుర్బీనుకు రెండో అద్దం సరిగ్గా అంతే ఉబ్బు ఉండాలి. అంటే కింది గాజు నడిమి ముక్కే రెండో అద్దం. అది విని విఠలన్న తెగ సంబరపడ్డాడు. "రెండు ఒక్క కడుపుల పుట్టినయన్నట్టు" అని కోడలిని పిలిచి మరీ చెప్పాడు.

వంపు సరిగ్గా వచ్చిందో లేదో చూడడం నా వంతు. సూది రంధ్రంలోంచి వెలుగు అద్దం మీద పడేసి, తిరిగొచ్చే వెలుగును బ్లేడు అంచుతో కొద్దికొద్దిగా కోస్తే అద్దం మీద నీడ కదులుతుంది. ఆ నీడ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నా రెటినోస్కోపు నీడే! అద్దం కూడా నాకు ఒక పెద్ద కన్నులాగే కనబడింది. "అంచు కిందికి జారింది విఠలన్నా" అంటే మరాఠీలో ఏదో అని మళ్లీ రాసేవాడు. వారాల తరబడి అదే తంతు. ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం లేదని కోడలు గుమ్మం దగ్గర మెల్లగా చెప్పింది.

మెరుపు పూత వేయించడానికి అద్దాలను మా ఆయన హైదరాబాదు తీసుకెళ్లి తెచ్చాడు. ప్లైవుడ్‌తో డబ్బా కట్టి, స్క్రూలు బిగించాడు. ఎదురింటావిడ చూసి, "ఏంది మేడం, డబ్బా నడుము ఇరిగినట్టున్నది" అంది. నిజంగానే అలా ఉంది.

గీత ఎవరిది

డాబా మీద మొదటి సాయంత్రం చుక్క గీతలా కనబడింది. అనుకున్నదే కదా అని మా ఆయన రెండో అద్దం స్క్రూలు తిప్పాడు. గీత కాస్త పొట్టిదైంది, పోలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"నాకు గుండ్రంగనే కనబడ్తుంది కదనే" అన్నాడు మా ఆయన.

"నీకు బస్సు కూడా గుండ్రంగానే కనబడతది" అన్నాను. గీతలు చూడడం నా వృత్తి, ఆయనది కాదు. తప్పు అద్దంలోనే ఉందేమో అని విఠలన్నతో అన్నాను. ఆయన మొహం మాడింది. "నా అద్దం మంచిగున్నది. నీ బావ డబ్బా మంచిగ లేదు" అన్నాడు. నా మొగుడు తనకు బావ అవుతాడు కానీ నాకు కాడని గుర్తుచేసే ధైర్యం లేకపోయింది. ముగ్గురం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మూడోరోజు మళ్లీ ఒంటరిగా చూస్తూ, మెడ నొప్పెట్టి తల పక్కకు వాల్చాను. గీత కూడా పక్కకు వాలింది! తల ఇటు వాలిస్తే ఇటు. డబ్బా కదలలేదు, చుక్క కదలలేదు. కదిలింది నేనే. దుర్బీనులో కన్ను పెట్టే ముందు అందరిలాగే నేనూ కళ్లద్దాలు తీసి పక్కన పెడుతున్నాను. ఆ గీత నా కంటి సిలిండర్. అక్షరాల బోర్డు ముందు అద్దాలు తీసేసే ప్రతి మనిషినీ కసురుకున్నదాన్ని! అద్దాలు పెట్టుకుని చూస్తే చుక్క ఆవగింజంత గుండ్రంగా ఉంది.

కిందికి దిగి ఇద్దరికీ చెప్పాను. మా ఆయన పోయి టీ పెట్టాడు. విఠలన్న ఫోన్‌లో నవ్విన నవ్వు పక్కింటికి వినబడింది.

గద్ద

ఆ వారమే విఠలన్నను డాబా మీదికి తెచ్చి నెలవంక చూపించాం. కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది చెల్లె" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా ఆయనకు అర్థం కాలేదు, సంతోషంగా భుజం తట్టాడు. చంద్రుడి వెలుగు మరీ ఎక్కువ, విఠలన్న కంటి నడిమి మచ్చ సరిగ్గా దాని మీదే కూర్చుంది. మమ్మల్ని నొప్పించకూడదని ఆ మాట అన్నాడు. పగలగొడతానని కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చంద్రుడు లేని రోజులు వచ్చాక దుర్బీనును తాడ్వాయిలో మా తమ్ముడి చేను దగ్గరికి తీసుకెళ్లాం. విఠలన్న రానన్నాడు. కోడలు ఎలాగో ఒప్పించి ఆటో ఎక్కించింది. చలికాలం, దీపాలు పెట్టి కాసేపయింది. తూర్పున వరుసగా మూడు చుక్కలు, వాటి పక్కన ఇంకో చిన్న వరుస. ఆ చిన్న వరుసలో నడిమిది చుక్క కాదు, వెలుగు మబ్బు అని చదివాను. దుర్బీను అటు తిప్పాం.

మా తమ్ముడు చూసి, "నాలుగు సుక్కలున్నయక్కా, ఇంకేం లేదు" అన్నాడు. మా ఆయన చూసి అదే అన్నాడు. నేను అద్దాలు పెట్టుకునే చూశాను. ఇరుకుగా నాలుగు చుక్కలు, చుట్టూ ఖాళీ. దూరంగా రైస్ మిల్లు లైట్ల వల్ల మబ్బు కొట్టుకుపోయిందేమో అనుకున్నాను. ఇక చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

విఠలన్న వంగి కన్ను ఆనించాడు. అక్కడ ఆయన ఎటు చూస్తున్నాడో ఎవరికీ తెలియదు. దొంగచూపు అనేవాళ్లు లేరు. మళ్లీ మంచిగున్నదంటాడేమోనని కాచుకుని నిలబడ్డాను.

"సుక్కలు లేవు చెల్లె" అన్నాడు. "గద్ద ఉన్నది."

"ఏముంది?"

"గద్ద. తెల్లగ, పొగతోని జేసినట్టు. రెక్కలిప్పింది. ఒక రెక్క పొడుగున్నది, ఇంకోటి జర వంగింది."

మా ఆయన ఆత్రంగా చూసి, "ఏడున్నది గద్ద? నాలుగు సుక్కలే" అన్నాడు. తర్వాత నేను చూశాను. నాకూ చుక్కలే.

విఠలన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆసుపత్రి వరండాలో నేను మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు. "నడిమిట్ల సూడకు చెల్లె. పక్కకు సూడు. ఆగు. అదే వస్తది."

పక్కకు చూశాను. ఆగాను. వచ్చింది. చుక్కల చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు, రెండు వైపులా విచ్చుకున్న రెక్కలు. గట్టిగా చూద్దామని నడుమకు చూపు తిప్పగానే మాయమైంది. మళ్లీ పక్కకు చూస్తే మళ్లీ వచ్చింది. మసక వెలుగును పట్టే శక్తి కంటి నడుమ ఉండదని, చుట్టూ ఉంటుందని నేను పరీక్షలో రాసి పాసైన విషయమే. విఠలన్నకు ఆ చుట్టూ ఉన్న చూపే మిగిలింది. నేను నేర్పాలని చూసిన చూపుతో ఆయన మా అందరికన్నా ముందు చూశాడు.

తర్వాత దుర్బీను సంగతి విని చేనుకు వచ్చిన ఊరివాళ్లందరినీ ఆయనే ఒక్కొక్కరిగా వంచి చూపించాడు. "దొంగసూపు సూడుండ్రి, సక్కగ సూస్తే కనబడదు" అంటూ పెద్ద గొంతుతో. మా తమ్ముడికి గద్ద దొరకడానికి చాలాసేపు పట్టింది, వాడిని మరాఠీలో తిట్టాడు కూడా.

డబ్బా సర్దడానికి మా ఆయన టార్చి వేశాడు. విఠలన్న నావైపు తిరిగాడు. నా మొహంలోకి చూడలేదు. నా చెవికి కాస్త పక్కన చూపు నిలిపి, అంతమందిలో, కాసేపు అలాగే ఉన్నాడు.

"ఏడుస్తున్నవేంది చెల్లె?" అన్నాడు.